రాని వెలుతురుకు నొక్కిన బటన్

గుడియాత్తంలో నా మాట నమ్మినవాడు లేడు. ఆలంగాయంలో నేను కట్టిన గోడ ఎంత నిటారుగా వచ్చిందంటే, జవ్వాది కొండ దిగి వచ్చిన ఎలుగుబంటి ఒకటి దానికి వీపు ఆనించి నిలబడేసరికి దాని గూని పోయిందని చెప్పాను. జోలార్పేటలో ప్లాట్‌ఫారం మరమ్మతు చేస్తూ గోడ నిటారు చూసే తూకం గుండు నేను కిందికి వదిలితే, అది సిగ్నల్ అనుకొని గూడ్సుబండి ఆగిపోయిందని చెప్పాను. వినేవాళ్లు నవ్వేవాళ్లు, టీ ఇప్పించేవాళ్లు. ఇప్పుడు రాస్తున్నది ఆ జాతిది కాదు.

నాకు రేచీకటి. మా ఊళ్లో మాలైకన్ను అంటారు. కంటి వెనక, గోడకు పూసిన పూతలాగా ఒక పొర ఉంటుంది. రెటీనా అని దాని పేరు. వెలుతురు వచ్చి దాని మీద పడితేనే చూపు. మా అన్నదమ్ములకు ఆ పొర అంచుల నుంచి రాలిపోతూ వస్తోంది, చెమ్మ పట్టిన గోడ పెచ్చులు రాలినట్టు. ముందు రాత్రిచూపు, తర్వాత పక్కచూపు, ఆఖరున నడిమిచూపు. ఇప్పుడు నాకు మిగిలింది గాజంత సందు. చెయ్యి చాపి ఒక గాజు పట్టుకుంటే అందులో ఎంత లోకం పడుతుందో అంతే నాది. ఈ కాగితం మీద ఒకసారికి రెండు మాటలు కనిపిస్తాయి. మూడో మాటకు మెడ తిప్పాలి. చిన్నప్పుడు పలమనేరులో అమ్మమ్మ దగ్గర ఉండి ఐదో తరగతి దాకా చదివిన అక్షరాలు ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చాయి. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదివే ఇల్లు లేదు. ఇది చదివి నన్ను తిట్టాలంటే వాళ్లు ముందు ఓనమాలు దిద్దుకోవాలి.

ఎందుకు రాస్తున్నానంటే, సగం నా గుండె కుదుటపరుచుకోవడానికి. మిగతా సగం, ఎక్కడో ఒక మేస్త్రీనో లారీ డ్రైవరో తలుపుకు గుద్దుకొని, ఒక జోకు వేసి, దాంతో తప్పించుకుంటూ ఉంటాడు. వాడి కోసం.

కేబుల్ టీవీ మా వీధిలోకి వచ్చిన ఏడు, ఆడి (ఆషాఢ) నెల

అప్పుడు మా పనికి మంచి రోజులు. ఎస్‌టీడీ బూత్ పెట్టినవాడు పైన ఒక గది వేస్తాడు. తోలు వ్యాపారం చేసేవాడు పాత పెంకుటిల్లు పడగొట్టి మిద్దె లేపుతాడు. నాకు నలభై నాలుగేళ్లు. నా తమ్ముడు మునిరత్నం నాకన్నా ఆరేళ్లు చిన్న. ఇద్దరం కలిసే పని పట్టేవాళ్లం. వాడు మాట తక్కువ మనిషి. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేవాణ్ణి.

పొద్దు వాలాక నాకు వీధి కనిపించేది కాదు. కరెంటు స్తంభానికి గుద్దుకొని నొసలు పగిలితే, "ఆ స్తంభానికి ప్రమోషన్ వచ్చినాది, ఎదురుగా వచ్చేవాళ్లను చూడటం మానేసినాది" అన్నాను. సున్నపు గుంటలో కాలు పెడితే, మా తాత తాపీ అందులో పడిపోయిందని, దాన్ని వెతకడానికి దిగానని చెప్పాను. పక్కింటామె చాప మీద ఆరబెట్టిన అప్పడాలు తొక్కితే, ఉప్పు సరిపోయిందో లేదో పాదంతో చూశానన్నాను. ప్రతి దెబ్బకూ ఒక కథ. నవ్వే మనిషి కళ్లలోకి ఎవరూ చూడరు.

మోసపోనిది నా భార్య కమల ఒక్కతే. కమల మా అక్క కూతురు. మాలో మేనమామకు పిల్లనివ్వడం పాత అలవాటు. మా నాన్న చేసుకున్నదీ ఆయన అక్క కూతురినే. పుట్టిన రోజు నుంచి నా కథలు విని పెరిగిన పిల్ల కాబట్టి, ఏ కథ ఎందుకు పుట్టిందో ఆమెకు తెలుసు. ఒక మధ్యాహ్నం అన్నం తింటున్నాను. ఎప్పుడూ విస్తరికి కుడిపక్క ఉండే చెంబు కోసం చెయ్యి చాపాను. దొరకలేదు. తడిమాను. కమల ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"మామా, చెంబు యాడుండాది?"

"ఉండే చోటే ఉండాది. నాకు దప్పిక లేదు."

"నీ ఎడమ మోకాటి పక్కన పెట్టినా. నువ్వు చూస్తా ఉండంగానే పెట్టినా."

నేను చెంబు మీద ఒక కథ మొదలుపెట్టబోయాను. ఆమె లేచి గంజి కుండ మీద మూత పెట్టి, "రేపు వేలూరు పోతా ఉండాము" అంది.

ఏ ఆసుపత్రో రాయను. ఏడు గంటలకు బస్సు దిగితే అప్పటికే చెప్పుల వరస గేటు దాకా ఉంది. లోపల బెంచీల మీద, కంట్లో చుక్కలు వేయించుకున్నవాళ్లు కళ్లు మూసుకొని, మొహాలు పైకెత్తి, వానకోసం చూసే పొలాల్లా కూర్చున్నారు. నాకూ వేశారు. మంట పుట్టింది. తర్వాత నన్ను ఒక చీకటి గదిలోకి తీసుకుపోయి, పెద్ద తెల్ల గిన్నెలాంటి దాని ముందు కూర్చోబెట్టారు. దవడ ఒక పలక మీద పెట్టాలి. ఒక కన్ను మూస్తారు. రెండో కంటితో గిన్నె నడుమ ఉన్న చుక్కనే చూడాలి. అక్కడో ఇక్కడో చిన్న వెలుతురు పుడుతుంది, కనిపిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. గిన్నె వెనక కూర్చున్న సిస్టరు చేత్తో ఆ వెలుతురును నడిపిస్తుంది.

మొదట నిజాయితీగానే కూర్చున్నాను. ఏమీ కనిపించలేదు. తెల్ల గిన్నె, అంతే. కానీ వెలుతురు వదిలే ప్రతిసారీ అటువైపు నుంచి సన్నగా 'టిక్' అని ఒక చప్పుడు. దాని వెనకే ఆమె గాజు కదిలిన చప్పుడు. టిక్, కొంచెం ఖాళీ, టిక్.

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. గోడ ఎత్తు పెరిగాక పక్కన కొయ్యలూ తాళ్లతో సారం కడతాం. మేస్త్రీ దాని మీద నిలబడతాడు. కింద నుంచి ఒకడు ఇటుకలు జతలు జతలుగా విసురుతాడు. పైవాడు పట్టుకొని, పక్కన పేర్చి, మళ్లీ చేతులు చాపుతాడు. చూసి పట్టేవాడు కొత్తవాడు. పాతవాడు చూడడు. విసురుకూ విసురుకూ నడుమ ఒక తాళం ఉంటుంది. ఆ తాళానికి చేతులు మూస్తే ఇటుక అందులో ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు ఇటుకలు అలాగే పట్టాను. వెలుతురునూ అలాగే పట్టాను. టిక్ అనగానే అర క్షణం ఆగి నొక్కడం. అక్కడక్కడ ఒకటి కావాలనే వదిలేయడం, అనుమానం రాకుండా.

ఆ సిస్టరును ఏమీ అనకండి. బయట వందమంది ఉన్నారు, ఆమె పనికి కొత్త. ఎదుటివాడు తన కంటి మీద తనే అబద్ధమాడుతాడని ఏ పుస్తకంలో చదువుకుంటుంది?

డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. సిస్టరు గీత గీసిన కాగితం చూసింది. మళ్లీ కన్ను చూసింది.

"కంట్లో చూస్తే ఒకటి చెప్తోంది మేస్త్రీ, కాగితం ఇంకొకటి చెప్తోంది. చీకట్లో తడబడుతున్నారా?"

"లేదమ్మా. పిల్లి చూపు నాది."

"మీ ఇళ్లలో దగ్గర సంబంధాలు చేసుకుంటారా?"

"అస్సలు లేదు" అన్నాను. పక్కన కమల ఉలిక్కిపడింది.

"ఇది రక్తంలో వచ్చేది. మీతో పుట్టినవాళ్లు ఉంటే వాళ్లనూ పంపండి. ఆరు నెలలకు మీరు తప్పకుండా రండి" అంది ఆమె. నేను పోలేదు. చూపు బాగుందని గీసిచ్చిన కాగితం ఉండగా ఎవడు పోతాడు? సారం దిగితే నేను ఎవణ్ణి? కళ్లు బాగున్నాయని నాకు తప్ప అందరికీ రుజువు చేశాను.

అదే ఏడు, కార్తీక దీపానికి ముందు

తెలివైన పని చేసి దాన్ని కడుపులో దాచుకునే గుణం నాకు లేదు. సారం కింద భోజనాల వేళ మునిరత్నానికి చెప్పాను. చెప్పడం కాదు, ఆడి చూపించాను. సిస్టరు గొంతు, టిక్ చప్పుడు, నా బొటనవేలు. సిమెంటు కలిపే ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకొని నవ్వారు. మునిరత్నం నవ్వలేదు.

"టిక్కుమన్నాక ఎంతసేపు ఆగాల?" అన్నాడు.

"ఇటుక చేతికొచ్చేంత సేపు."

"ఒకటి వదిలేయాల అన్నావే, ఎన్నిటికొకటి?"

నా కథల్లో ఏ కథనూ ఎవరూ రెండోసారి అడగలేదు. వాడు అడిగాడు. నాకు గర్వం వేసింది. విడమరిచి చెప్పాను.

పదిహేను రోజులకు కమల పోరు పడలేక వాడూ వేలూరు పోయి వచ్చాడు. కాగితం తెచ్చి వదినె చేతిలో పెట్టాడు. ఆమె చదవలేదు, నా చేతికిచ్చింది. ఇంగ్లీషు నాకూ రాదు కానీ చుట్టూ గీసిన గీత చూస్తే తెలిసింది. అచ్చం నాది ఉన్నట్టే ఉంది. మరీ అచ్చంగా. వాడి భార్య ధనం దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించింది.

అప్పుడే నేను ఒక ప్రశ్న అడిగి ఉండాల్సింది. నీకు నిజంగా కనిపించాయారా అని. అడగలేదు. అడిగితే వాడు నన్ను తిరిగి అడుగుతాడు. ఈ జబ్బులో నేను చేసిన పాపాలన్నిటిలో ఆ మౌనానిదే పెద్దపీట.

రెండేళ్లు గడిచాయి, మళ్లీ వానలు వచ్చే ముందు

నా సందు ఇంకొంచెం ఇరుకైంది. సారం ఎక్కడం మానేసి కింద చేరాను. మోకాలు నొప్పి అని చెప్పాను. మోకాలికి ఒక మంచి కథ కూడా ఉంది, అది వదిలేద్దాం. నేను కింద నుంచి విసిరేవాణ్ణి, మునిరత్నం పైన పట్టేవాడు. మా జత చూడటానికి దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు. ఒక్క ఇటుక తప్పేది కాదు. చుట్టుపక్కల మాలాంటి జోడీ లేదనేవాళ్లు.

నిజం ఏమిటంటే, విసిరే నాకు పైన వాడి చేతులు కనిపించేవి కావు. పట్టే వాడికి కింద నుంచి వచ్చే ఇటుక కనిపించేది కాదు. ఇద్దరు గుడ్డివాళ్లు, నడుమ తాళం. ఎదుటివాడికి తనకన్నా కొంచెం ఎక్కువ చూపు ఉందని ఇద్దరికీ ధైర్యం.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. వాన రాకముందే ఆ వరస ముగించాలని తొందర. మునిరత్నం రెండో అంతస్తు ఎత్తున ఉన్నాడు. నేను ఇటుకలు విసురుతూనే సిమెంటు కలిపేవాళ్లకు ఆలంగాయం ఎలుగుబంటి కథ చెబుతున్నాను. కథ చెప్పేవాడికి ఒక రహస్యం ఉంది. నవ్వు రావలసిన మాటకు ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆగకపోతే నవ్వు రాదు. ఎలుగుబంటి గోడకు వీపు ఆనించింది, అన్నాను. ఆగాను. చేతిలో ఇటుకలు పట్టుకొనే ఆగాను.

పైన వాడి చేతులు తాళం ప్రకారం మూసుకున్నాయి. అందులో ఏమీ లేదు. తర్వాత వాడే చెప్పాడు, ఇటుక యాడికి పోయిందా అని ముందుకు వంగినాను అని. ఆడవాళ్లు నవ్వారు. నేను విసిరాను.

ఇటుకలు వాడి గుండెకు తగిలాయి. వాడు వెనక్కి ఒక అడుగు వేశాడు. అక్కడ చెక్క లేదు.

పడిన చప్పుడు మొదట నాకు అర్థం కాలేదు. సిమెంటు బస్తా అనుకున్నాను. నవ్వులు ఆగిపోయిన తర్వాత అర్థమైంది.

వేలూరు, నలభై రోజులు

తుంటి ఎముక విరిగింది. ప్రాణం ఉంది. కడ్డీ వేసి బిగించారు. ఇక ఎప్పటికీ కర్ర లేకుండా నడవడని మూడో రోజే చెప్పారు. ఎముకల డాక్టరు ఎలా పడ్డావని అడిగితే వాడు "ఇటుక కనపడలా" అన్నాడు. ఆయన పక్క నుంచి తన వేలు మెల్లగా వాడి మొహం ముందుకు తెచ్చాడు. ఎప్పుడు కనిపిస్తే అప్పుడు చెప్పమన్నాడు. వేలు ముక్కు దాకా వచ్చింది. వాడు చెప్పలేదు.

వార్డు బయట వరండాలో నేనూ ధనం కూర్చున్నాం. ఆమె ఒడిలో వాళ్ల నాలుగేళ్ల పిల్ల నిద్రపోతోంది. నేను చెప్పాను. టిక్ చప్పుడు సంగతి, నేను నేర్పిన సంగతి, కథ కోసం ఆగిన సంగతి. కథలు చెప్పే గొంతు తప్ప నాకు ఇంకో గొంతు లేదని అప్పుడు తెలిసింది. ఆ గొంతుతోనే చెప్పాను. ఆమె విన్నది.

"ఇదీ కథేనా బావా?"

"కాదమ్మా."

ఆమె పిల్లను భుజం మీదికి మార్చుకొని, పోయి ఇంకో బెంచీ మీద కూర్చుంది. తర్వాత ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. అన్నం వండితే నా గిన్నె కమలతో పంపేది. ఉప్పు సరిగ్గానే వేసేది. అదే ఎక్కువ బాధ.

వాడు చక్రాల కుర్చీలో కూర్చోగలిగాక ఇద్దరినీ కంటి విభాగానికి పంపారు. అదే హాలు, పైకెత్తిన అవే మొహాలు. కంట్లో వేసిన చుక్కలు ఎక్కేదాకా కళ్లు మూసుకొని కూర్చోమన్నారు. కళ్లు మూసే ముందు చూశాను, పక్కన ఆలంగాయం నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఆయన కళ్లూ మూతబడే ఉన్నాయి. ఒడిలో బుట్ట, దాన్నిండా సీతాఫలాలు. డాక్టర్లకు ఇవ్వడానికి తెచ్చాడట. మునిరత్నం కుర్చీ చక్రం కిర్రుమనడం విని, బుట్టలో వేళ్లతో ఒత్తి చూసి, పండినవి రెండు తీసి, గాలిలో తడుముతూ మా చేతుల్లో పెట్టాడు.

"తినండప్పా. దీనికి కండ్లు అక్కర్లేదు, నోరు చాలు" అన్నాడు.

మునిరత్నం విత్తనాలు అరచేతిలోకి ఉమ్ముతూ, నా వైపు తిరగకుండానే అన్నాడు. "నువ్వు చెప్పిన కథల్లో నేను నమ్మింది ఆ టిక్కు కథొక్కటేనన్నా. మిగతాయి నవ్వుకునేదానికి విన్నా."

"నీకు ఎప్పట్నించి చూపు లేదురా?"

"పెండ్లప్పట్నించి. తలంబ్రాలు ధనం మీదనా పోసింది, పక్కనున్న వదినె మీద పోసినా. గుర్తుందా? నువ్వు దాని మీద గూడా ఒక కథ కట్టినావు."

గుర్తుంది. ఊరంతా నవ్వింది.

"చెప్పుండొచ్చు గదరా."

"నువ్వు చెప్పినావా?"

డాక్టరమ్మ అదే ఆవిడ. జుట్టు కొంచెం నెరిసింది. గిన్నె యంత్రం దగ్గరికి తీసుకుపోలేదు. ఆ పక్క గదిలో కొత్తది ఒకటి ఉంది, పరిశోధన కోసం కొన్నాళ్లకు తెప్పించారట. నా కంటి కింది రెప్ప మీద వెంట్రుక లాంటి ఒక తీగ ఆనించారు. దవడ పలక మీద పెట్టాను. బటన్ కోసం చెయ్యి చాపాను.

"బటన్ యాడుందమ్మా?"

"బటన్ లేదు మేస్త్రీ. మీరేమీ చెప్పక్కర్లేదు. మీ కన్నే చెప్తుంది."

జీవితంలో ఇంత భయం వేసిన మాట నేను వినలేదు.

దీపాలు ఆర్పారు. ఎదురుగా ఎర్రటి నలుచదరం వెలిగింది. మంట లేని పొయ్యిలోకి చూసినట్టుంది. కొంచెంసేపు చూశాక అందులో సన్నటి గీతలు, ఒకదాని కింద ఒకటి, వణుకుతున్నట్టు కనిపించాయి. అది ఏమిటని అడిగాను, భయం పోగొట్టుకోవడానికి.

"మీ గుడియాత్తంలో లుంగీలు నేస్తారు కదా" అంది. "మగ్గంలో దారం లాగే నాడె అటూ ఇటూ పోయినట్టు, ఇది ఒక్క చుక్క వెలుతురు. మీ కంటి వెనక పొర మీద ఒక గీత గీసి, దాని కింద ఇంకో గీత గీస్తుంది. చాలా వేగంగా నేస్తుంది కాబట్టి మీకు గుడ్డలాగా కనిపిస్తోంది. ఇప్పుడు ఆ గుడ్డలో గళ్లు వేస్తాను. నల్లవి తెల్లవి అవుతుంటాయి. వెలుతురు పడినచోట పొర బతికుంటే చిన్న కరెంటు పుడుతుంది. ఆ తీగ దాన్ని పట్టుకుంటుంది."

"బతికి లేకపోతే?"

"పుట్టదు."

గళ్లు వచ్చాయి. నాకు నడుమ నాలుగో ఐదో కనిపించాయి, మినుకు మినుకుమంటూ. వాటి చుట్టూ నలుపు కూడా లేదు. నల్లగా ఉంటే ఏదో ఉన్నట్టు. వీపు వెనక మనకు ఏం కనిపిస్తుంది? నలుపు కనిపిస్తుందా? అలాగే ఏమీ లేదు. అక్కడ కూడా గళ్లు ఆడుతూనే ఉన్నాయని ఆవిడ చెప్పింది. నా కంటి మీద వెలుతురు వరస తప్పకుండా నేస్తూనే ఉంది, నాకు తెలియకుండా. నేను బొటనవేలు పిడికిట్లో బిగించి కూర్చున్నాను. నొక్కడానికి ఏమీ లేదు. చెప్పడానికి ఏమీ లేదు. పావుగంట సేపు నా ప్రమేయం లేకుండా నా కన్ను ఇంకొకరితో మాట్లాడింది. నిజం మాట్లాడింది.

తర్వాత బల్ల మీద కాగితం పరిచింది. కంటి పొరను నేలలాగా గీసి, కరెంటు పుట్టినచోట గుట్ట, పుట్టనిచోట చదును. ఆరోగ్యంగా ఉన్నవాళ్లది ఒకటి పక్కన పెట్టి చూపించింది. నడుమ కొండ, చుట్టూ బోలెడు గుట్టలు. నా కాగితం నడుమ చీమల పుట్టంత ఉబ్బు. మిగతాదంతా చదును. ఇన్నేళ్లలో నేను వేసిన ఏ గచ్చూ అంత చదునుగా రాలేదు.

"వీడిదో?" అన్నాను.

మునిరత్నం కాగితం మీద చీమల పుట్ట కూడా లేదు. ఏదో గరుకు. నాకన్నా ఆరేళ్లు చిన్నవాడిది నాకన్నా ముందు పోయింది.

ఆవిడ పాత కాగితాలు రెండూ తీసింది. ఒకే చేత్తో గీసినట్టున్న ఆ రెండు గీతలు. "ఇవి ఎలా వచ్చాయి?" అంది. చెప్పాను. మేనరికం సంగతి కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అప్పుడు తెలిసినా నా దగ్గర మందు లేదు. ఇప్పుడూ లేదు" అంది. "సారం ఎక్కొద్దని మాత్రం చెప్పి ఉండేదాన్ని."

అంతే చెప్పింది. ఆ ఒక్క ముక్క చాలు. మందు ఉండి నేను పోగొట్టుకొని ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నేను పోగొట్టింది నా కంటిని కాదు.

ధనం బయటి సంబంధం కాబట్టి పిల్లకు రాకపోవచ్చు, అయినా అప్పుడప్పుడు చూపించుకోండి అంది. ఆ ఒక్క మాట తీసుకొని మునిరత్నం కుర్చీలో వెనక్కి వాలాడు. మాకు పిల్లలు లేరు. దాని కోసం కమల ఏడ్చిన ఏళ్లు ఉన్నాయి. ఆ రోజు ఏడవలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా సాయంత్రమయ్యేసరికి వీధి ఇరుకైతే, చెంబు దొరక్కపోతే, ఒక కథ చెప్పి నవ్వించే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. మందు దొరుకుతుందని ఆశపెట్టను. నాకు దొరకలేదు. కానీ మీ పక్కన నిలబడినవాడు మీకు చూపుందని నమ్ముకొని ఉంటాడు. పరీక్షలో కనిపించకపోతే కనిపించలేదని ఊరికే కూర్చోండి. ఊరికే కూర్చోవడం చాలా కష్టం. తెలిసి చెబుతున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారానికి కమలతో కలిసి బజారుకు పోయాను. ఆమె ఆనవాయితీగా నాకు నాలుగడుగులు వెనక నడుస్తోంది. నేను గోడ పట్టుకొని పోతున్నాను. టీకొట్టు దగ్గర మా పనివాళ్లు, ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు కూర్చొని ఉన్నారు. కొత్త మిద్దె పని వచ్చింది, ఎప్పుడు చేరతావని అడిగారు.

"నాకు కండ్లు కనపడవప్పా" అన్నాను. "ఇంక పనికి రాలేను."

వాళ్లు తరువాయి మాట కోసం చూస్తున్నారని నాకు తెలుసు. నేను ఆగితే ఏం వస్తుందో ముప్పై ఏళ్లుగా వాళ్లకు అలవాటు.

"సరి, చెప్పు. ఎలుగుబంటి ఏమైనా పీక్కొనిపోయిందా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఒకాయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు. "కూర్చో. మొత్తం చెప్పు. టీ నాది."

"నిజం చెప్తా ఉండాను."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. ప్రేమే ఉంది. అదే నన్ను ముంచింది. నేను అక్కడే నిలబడ్డాను. గాజంత సందులో టీ గ్లాసు ఒకటి కనిపిస్తోంది. పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియదు.

అప్పుడు కమల వెనక నుంచి వచ్చింది. పాతికేళ్ల కాపురంలో ఆమె వీధిలో నా పక్కన నడిచింది లేదు, నన్ను తాకింది అసలు లేదు. మా ఊళ్లో అది చేసేవాళ్లూ లేరు. వచ్చి, అందరి ఎదుట, నా చెయ్యి పట్టుకుంది. అరచేతిలో అరచెయ్యి పెట్టి, వేళ్లు బిగించింది.

"గుంట ఉండాది మామా. ఇట్ల రా" అంది.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఎవరో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. మేము గుంట దాటాం.